కోడ్ మారిస్తే వాన మారుతుందా?

వాతావరణ మోడళ్ల లోపల నడిచే సాఫ్ట్‌వేర్ గురించి పోయినసారి రాశాక ఉత్తరాలు బాగా వచ్చాయి. సగం మంది అడిగింది ఒకటే: ఇంత పాత కోడ్‌తో ఇంకా ఎందుకు నెట్టుకొస్తున్నారు, కొత్తగా రాసేయొచ్చు కదా అని. గాలి, సముద్రం, నేల, మంచు అన్నీ కలిపి లెక్కగట్టే ప్రోగ్రామ్‌ని ఎర్త్ సిస్టమ్ మోడల్ అంటారు. అందులో సముద్రం కోడ్ చూసుకోవడం నా ఉద్యోగం. కాబట్టి నా జవాబుల్లో పాత కోడ్ మీద కాస్త పక్షపాతం కనిపిస్తుంది. సర్దుకుని చదవండి.

ప్రశ్న: మేడమ్, నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. సముద్రం మీద నుంచి నీరు ఎంత ఆవిరవుతుందో లెక్కగట్టే సబ్‌రొటీన్ (ప్రోగ్రామ్‌లో ఒక చిన్న భాగం) ఒకటి మా గైడ్ ఇచ్చారు. ఫోర్ట్రాన్ 77 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఉంది. వేరియబుల్ పేర్లు ఒక్కటీ అర్థం కావడం లేదు. మొత్తం పైథాన్‌లో తిరగరాసేద్దామనుకుంటున్నాను. రాయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆ ఫైలు అలా ఎందుకుందో చూడండి. ఫోర్ట్రాన్ 77లో పేరు 6 అక్షరాలు దాటకూడదు. ఆవిరితో పాటు పోయే వేడిని 'లేటెంట్ హీట్ ఫ్లక్స్' అని విప్పి రాసే వీలు లేక అచ్చులన్నీ పీకేసి హల్లులు మిగిల్చారు. ప్రతి లైనూ 7వ గడిలో మొదలై 72వ గడిలో ఆగుతుంది, ఎందుకంటే అది 80 గడుల పంచ్ కార్డు కొలత. వీటిలో ఏదీ ఆ రాసినాయన తెలివితక్కువతనం కాదు.

అసలు ప్రమాదం వేరేచోట ఉంది. పాత ఫోర్ట్రాన్‌లో డిక్లేర్ చేయని పేరు కనిపిస్తే కంపైలర్ (కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) అడ్డుపడదు. ఐ నుంచి ఎన్ వరకు ఉన్న అక్షరాలతో మొదలైతే పూర్ణసంఖ్య, మిగతావి దశాంశ సంఖ్య అనుకుని ముందుకెళ్లిపోతుంది. టైపింగ్‌లో ఒక అక్షరం జారితే కొత్త వేరియబుల్ పుడుతుంది, అందులో ఏ చెత్త ఉంటే అది లెక్కలో కలుస్తుంది. ఇక కామన్ బ్లాక్‌లు మరీ ఘోరం. రెండు ఫైళ్లు ఒకే మెమరీని పంచుకుంటాయి, అదీ పేరును బట్టి కాదు, వరసను బట్టి. ఒక ఫైల్లో ఉష్ణోగ్రత ముందు, తేమ తర్వాత ఉండి, రెండో ఫైల్లో అది తిరగబడితే అడిగేవాడు ఉండడు.

నేనైతే చేసే పని ఇది. మోడల్‌ని మామూలుగా నడిపి, మీ సబ్‌రొటీన్‌లోకి వెళ్లే విలువల్నీ, బయటికొచ్చే విలువల్నీ కొన్ని వేల చోట్ల ఫైల్‌లో రాసి దాచండి. భూమధ్యరేఖ దగ్గరివి, ధ్రువం దగ్గరివి, తుపాను ఉన్నచోటివి, గాలి స్తంభించిన చోటివి అన్నీ ఉండాలి. రేపు ఎవరు ఏమన్నా మీకు సాక్ష్యం అదే. తర్వాత ఫైలు తలమీద 'ఇంప్లిసిట్ నన్' అని ఒక్క లైను పెట్టండి. డిక్లేర్ కాని పేర్లన్నీ కంపైలరే బయటికి లాగుతుంది. ఆ తర్వాత కామన్ బ్లాక్‌లను మాడ్యూల్‌లోకి మార్చండి, అందులో పంచుకోవడం పేరును బట్టే జరుగుతుంది. ఒక్కో అడుగు వేయగానే దాచిన విలువలతో పోల్చండి. అది సరిపోయాకే రెండో అడుగు.

ఈ దారిలో మీకు విచిత్రాలు తగులుతాయి. 'గాలి వేగం సెకనుకు 1 మీటరు కన్నా తక్కువైతే 1గానే తీసుకో' అన్న తరహా లైను ఒకటి ఉండొచ్చు. చూడగానే తీసేయాలనిపిస్తుంది. కానీ ఆవిరి సూత్రంలో గాలి వేగంతో గుణకారం ఉంటుంది. గాలి సున్నా అయితే ఆవిరీ సున్నా. నిజం సముద్రం మీద సగటు గాలి లేకపోయినా చిన్న చిన్న విసురులు ఉంటూనే ఉంటాయి. ఆ లైను వాటి కోసం. వ్యాఖ్య రాయకపోవడం తప్పే, లైను మాత్రం తప్పు కాదు. ఇంకోచోట 273.15 అని, మరోచోట 273.16 అని కనిపిస్తుంది. మొదటిది సున్నా డిగ్రీల సెల్సియస్, రెండోది నీటి ట్రిపుల్ పాయింట్. ఒకదాని బదులు ఇంకోటి వాడి ఉంటే దిద్దాల్సిందే. అయితే కోడ్ సర్దుతున్న కమిట్‌లో (ఒక్కసారిగా నమోదు చేసే మార్పులో) దాన్ని కలపకండి. విడిగా, పేరు పెట్టి, వారం ఆగి చేయండి. రెండూ ఒకేసారి చేస్తే జవాబు ఎందుకు మారిందో మీకే తెలియదు.

ఇదంతా అయ్యాక కూడా పైథాన్‌లో రాయాలనిపిస్తే రాసుకోండి. అప్పటికి ఆ సబ్‌రొటీన్ మీకు బాగా తెలిసిపోయి ఉంటుంది.

ప్రశ్న: నేను బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను. 1957లో వచ్చిన భాషను పట్టుకుని వేలాడటం సైంటిస్టుల బద్ధకం కాదా?

జవాబు: 1957లో ఐబీఎమ్‌లో జాన్ బ్యాకస్ బృందం విడుదల చేసిన ఫోర్ట్రాన్‌కీ, 2023 ప్రమాణంలో ఉన్న ఫోర్ట్రాన్‌కీ పేరొక్కటే ఉమ్మడి అన్నంత తేడా ఉంది. పెద్ద పెద్ద పట్టికల మీద లెక్కలు చేయడానికి అది ఈరోజుకీ మంచి పనిముట్టే. బద్ధకం ఉంది, కాదనను. కానీ అది భాషలో లేదు, టెస్టులు రాయకపోవడంలో ఉంది. టెస్టుల్లేని సీ ప్లస్ ప్లస్ కోడ్ కొత్త చొక్కా తొడుక్కున్న పాత సమస్యే. అయినా బ్యాంకుల్లో కోబాల్ అనే పాత భాష ఇంకా నడుస్తోందని విన్నాను!

ప్రశ్న: మా సంస్థలో కొత్త సూపర్ కంప్యూటర్ వచ్చింది. అదే కోడ్, అదే ఇన్‌పుట్. మొదటిరోజు 14వ దశాంశంలో తేడా వచ్చింది. నెల తిరిగేసరికి వాన పడే చోట్లే మారిపోయాయి. కోడ్ చెడిపోయిందని మా సీనియర్ అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. పాత మెషిన్‌ని ఇంకో రెండు నెలల్లో ఆపేస్తారు.

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అసలైన ప్రశ్న ఇది. కాస్త పొడుగ్గా చెప్తాను.

కంప్యూటర్ ఒక దశాంశ సంఖ్యను దాదాపు 16 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. ఒకటి పక్కన 16 సున్నాలున్న సంఖ్యకు 1 కలిపి, మళ్లీ అదే పెద్ద సంఖ్యను తీసేయండి. 1 రావాలి. కంప్యూటర్ 0 ఇస్తుంది, కలిపిన ఆ ఒకటి పట్టే చోటు లేదు కాబట్టి. ముందు తీసేసి తర్వాత 1 కలిపితే మాత్రం 1 వస్తుంది. అంటే కూడే వరస మారితే మొత్తం మారుతుంది. వేల ప్రాసెసర్లు తలా ఒక ముక్క సముద్రాన్ని లెక్కగట్టి చివర్లో కూడేటప్పుడు ఆ వరస మెషిన్‌ను బట్టి మారుతుంది. కొన్ని ప్రాసెసర్లు గుణించి కూడే పనిని ఒకే దెబ్బలో చేసి, చివర్లో ఒక్కసారే సంఖ్యను కుదిస్తాయి. ఇంకొన్ని రెండుసార్లు కుదిస్తాయి. మీ 14వ దశాంశం తేడా ఇలాంటిచోటే పుట్టి ఉంటుంది.

అది వాన దాకా ఎలా పెరిగిందో ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లోనే చూశారు. నడిచి ఆగిన లెక్కను మధ్యలోంచి మళ్లీ మొదలుపెట్టడానికి ప్రింటౌట్‌లో ఉన్న 0.506 టైపు చేశారు. మెషిన్ లోపల ఉన్నది 0.506127. కాసేపటికి రెండో లెక్కలోని వాతావరణానికీ మొదటిదానికీ పోలికే లేకుండా పోయింది. కాబట్టి నెల తర్వాత ఒకచోట వాన మారిందన్నది కోడ్ చెడిపోయిందనడానికి రుజువు కాదు. దురదృష్టం ఏమిటంటే, బాగుందనడానికీ రుజువు కాదు. కోడ్‌లో నిజంగా తప్పున్నా పటం ఇలాగే కనిపిస్తుంది.

మరి తేల్చేదెలా? అమెరికాలోని బోల్డర్‌లో ఉన్న ఎన్‌కార్ సంస్థ సీఈఎస్ఎమ్ అనే ఉమ్మడి మోడల్‌ను నడుపుతుంది. అక్కడివాళ్లు 2015లో ఒక పద్ధతి ప్రచురించారు. నమ్మకమున్న మెషిన్ మీద మొదటి ఉష్ణోగ్రతల్ని 14వ దశాంశం దగ్గర కొద్దికొద్దిగా కదిలించి, 151 సార్లు ఒక్కో ఏడాది చొప్పున నడుపుతారు. ఆ 151 ఫలితాలు సహజంగా ఎంత మేర చెదురుతాయో లెక్క తీస్తారు. కొత్త మెషిన్ ఫలితం ఆ చెదురు లోపల పడితే సరే, బయట పడితే కూర్చుని వెతుకుతారు. తర్వాత దీన్ని ఇంకా కుదించి, 9 టైమ్ స్టెప్‌లు (మోడల్ కాలంలో వేసే చిన్న అడుగులు) నడిపితే చాలనేదాకా తెచ్చారు. మీ పాత మెషిన్ ఉండగానే ఇలాంటి గుంపు ఒకటి నడిపి దాచుకోండి. చిన్నదైనా ఫరవాలేదు. రెండు నెలలంటే తక్కువేమీ కాదు. మెషిన్ ఆపేశాక మాత్రం ఏ డబ్బు పెట్టినా అది దొరకదు.

ఈలోగా కొత్త మెషిన్ మీద రెండు పరీక్షలు పెట్టండి. వీటికి పాతదానితో పని లేదు. మొదటిది: మోడల్‌ని 10 రోజులు ఏకధాటిగా నడపండి. మళ్లీ 5 రోజులు నడిపి, ఆపి, ఆగినప్పటి స్థితిని దాచిన రీస్టార్ట్ ఫైలు నుంచి ఇంకో 5 రోజులు నడపండి. రెండూ చివరి అంకె దాకా ఒకటే రావాలి. రాకపోతే ఏదో వేరియబుల్‌ను రీస్టార్ట్ ఫైల్‌లో రాయడం మర్చిపోయారన్నమాట. తరచూ అది అంతకుముందు టైమ్ స్టెప్ విలువో, కొంత గడువు మీద పోగుచేస్తున్న సగటో అయి ఉంటుంది. రెండోది: ప్రాసెసర్ల సంఖ్య మార్చి నడపండి. వరస మారినా ఒకే జవాబు వచ్చేలా కూడే పద్ధతులున్నాయి. మీ మోడల్‌లో అవి ఉంటే ఇక్కడా అంకె మారకూడదు. మారితే ముక్కల అంచుల దగ్గర పక్కవాడి విలువలు సరిగ్గా అందడం లేదేమో చూడండి.

మీ సీనియర్‌తో గొడవ పడొద్దు. 'ఏ మార్పు ఏ రకమో ముందే రాసుకుందాం సార్' అని అడగండి. ఒకటి, అంకె కూడా మారకూడని మార్పు. రెండు, అంకెలు మారినా శీతోష్ణం మారకూడనిది. మూడు, శీతోష్ణమే మారాలని తెలిసి చేసే మార్పు. మెషిన్ మార్పు రెండో రకం. ఆధునికీకరణ పేరుతో జరిగే గందరగోళంలో చాలావరకు ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టడం వల్ల వచ్చిందే.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్‌ని. ఇన్ని దేశాలు, ఇన్ని సంస్థలు. ఎవరి మోడల్ వాళ్లు రాసుకోకుండా ఒకరి కోడ్ ఒకరు వాడుకోవడం దేనికమ్మా?

జవాబు: నమస్కారమండీ. గాలినీ సముద్రాన్నీ కలిపిన మొదటి మోడల్‌ని 1969లో స్యుకురో మనాబె, కర్క్ బ్రయాన్ ప్రచురించారు. మనాబె గారికి 2021లో నోబెల్ వచ్చింది. అప్పట్లో చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది మొత్తం కోడ్‌ను తలలో పెట్టుకోగలిగేవారు. ఇప్పుడు పెద్ద మోడళ్లు పది లక్షల లైన్లు దాటాయి. మంచు పలకల మనిషికి మేఘాలు తెలియవు, మేఘాల మనిషికి నేలలో కార్బన్ తెలియదు. మొత్తం తెలిసిన మనిషి ఎక్కడా లేరు. అందుకే ముక్కలుగా పంచుకుంటారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల ఎర్త్ సిస్టమ్ మోడల్‌లో సముద్రం భాగం అమెరికాలోని జీఎఫ్‌డీఎల్ అనే పరిశోధనశాల సముద్ర మోడల్ నుంచి వచ్చింది. ముక్కల మధ్య వేడి, నీరు, నీటి మీద గాలి తోపు ఇచ్చిపుచ్చుకోవడానికి కప్లర్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. ఫ్రాన్స్‌లో 1991లో మొదలైన ఒయాసిస్ కప్లర్ ఈరోజుకీ చాలా యూరప్ మోడళ్లలో ఉంది.

కప్లర్ దగ్గర జరిగే పొరపాట్లు వినడానికి హాస్యంగా ఉంటాయి. గాలి వైపు వాళ్లు వేడి పైకి వెళ్తే ప్లస్ అంటారు, సముద్రం వైపు వాళ్లు కిందికి వస్తే ప్లస్ అంటారు. ఎవరో ఒకరు గుర్తు మార్చాలి. ఇద్దరూ మార్చినా, ఇద్దరూ మార్చకపోయినా, ఎండ కాసినకొద్దీ సముద్రం చల్లబడుతుంది.

పంచుకోవడంలో తలనొప్పీ ఉంది. చాలామంది కాపీ తీసుకుని, తమకు కావలసినట్టు మార్చుకుని, ఆ మార్పును తిరిగి ఇవ్వరు. కొన్నేళ్లకు రెండు కోడ్‌లూ కలవనంత దూరం వెళ్లిపోతాయి. నన్నడిగితే కోడ్‌ను వెబ్‌లో పెట్టడంతో పంచుకున్నట్టు కాదు. బయటినుంచి వచ్చిన దిద్దుబాటును చదివి, పరీక్షించి, లోపలికి తీసుకునే మనిషికి జీతం ఇస్తేనే పంచుకున్నట్టు. జర్మనీ నుంచి వచ్చిన ఐకాన్ మోడల్‌ని 2024 జనవరిలో ఓపెన్ సోర్స్ చేశారు. సంతోషమే. అలాంటి మనుషులు ఎందరున్నారన్నదే నేను ముందు చూస్తాను.

ప్రశ్న: మోడల్ డేటా ఫైల్‌లో ఫిబ్రవరి 30 అని తేదీ ఉంది. ఫైలు పాడైందా?

జవాబు: లేదు. బ్రిటన్ మెట్ ఆఫీస్ హాడ్‌జెమ్ తరహా మోడళ్లలో ప్రతి నెలా 30 రోజులే, ఏడాదికి 360. లెక్క సులువని అలా పెట్టుకున్నారు. చాలా మోడళ్లలో లీపు సంవత్సరమే ఉండదు. ఫైలు తెరిచి 'క్యాలెండర్' అనే లక్షణం ఏమంటుందో చూశాకే తేదీలు ముట్టుకోండి.

ప్రశ్న: గేమింగ్ కోసం కొన్న జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) నా దగ్గర ఉంది. మోడళ్లను జీపీయూలోకి మార్చడం అంత కష్టమా? ఒక లూప్ మార్చితే సరిపోదా?

జవాబు: ఒక్క లూప్‌లోనే 90 శాతం సమయం పోతుంటే సరిపోయేది. ఈ మోడళ్లలో సమయం వేల చిన్న లూప్‌ల మధ్య పంచుకుపోయి ఉంటుంది. ఒకదాన్ని జీపీయూకి పంపితే, డేటా అటూఇటూ మోసే ఖర్చుకే లాభం హరించుకుపోతుంది. అందుకే మారిస్తే దాదాపు మొత్తం మార్చాలి. స్విట్జర్లాండ్ వాతావరణ సంస్థ 2016లోనే రోజువారీ అంచనాలను జీపీయూల మీదికి తెచ్చింది. దానికోసం మోడల్ గుండెకాయలాంటి భాగాన్ని సీ ప్లస్ ప్లస్‌లో తిరగరాశారు. అమెరికా ఇంధన శాఖవాళ్లు స్క్రీమ్ అనే వాతావరణ మోడల్‌ను సీ ప్లస్ ప్లస్‌లో కొత్తగా రాసి, 3.25 కిలోమీటర్ల గడులతో ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్ మీద రోజుకు ఏడాది కన్నా ఎక్కువ కాలాన్ని నడిపి, 2023లో గోర్డన్ బెల్ క్లైమేట్ బహుమతి తీసుకున్నారు.

బ్రిటన్‌వాళ్ల దారి నాకు ఎక్కువ నచ్చుతుంది. వాళ్ల పాత మోడల్ అక్షాంశ రేఖాంశాల గడుల మీద నడుస్తుంది. రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర గుమిగూడతాయి కదా, అక్కడ గడులు సన్నబడి ప్రాసెసర్ల మధ్య రద్దీ పెరుగుతుంది. కొత్త మోడల్ ఎల్ఎఫ్‌రిక్‌లో గడులూ మార్చారు, కోడ్ రాసే తీరూ మార్చారు. సైంటిస్ట్ ఒక నిలువు వరసకు సూత్రం రాస్తే చాలు, దాన్ని ఏ మెషిన్‌కి ఎలా పంచాలో సైక్లోన్ అనే మరో ప్రోగ్రామ్ కోడ్ పుట్టిస్తుంది. రేపు ఇంకో రకం చిప్ వస్తే సూత్రం జోలికి పోనక్కర్లేదు.

ఇవన్నీ లేకుండా వచ్చిన లాభం ఒకటి చెప్పకుండా ఉండలేను. యూరప్ కేంద్రం ఈసీఎమ్‌డబ్ల్యూఎఫ్ 2021లో తన అంచనాల లెక్కలను 16 అంకెల నుంచి సుమారు 7 అంకెల కచ్చితత్వానికి దించింది. మిగిలిన సమయంతో గుంపు అంచనాల్లో గాలి పొరలను 91 నుంచి 137కి పెంచింది. అంత కచ్చితత్వం నిజంగా ఎక్కడ కావాలో, ఎక్కడ అక్కర్లేదో ఓపికగా వెతికిన పని అది.

ప్రశ్న: ఏఐ వచ్చేసింది కదా. అదే అంచనా వేస్తుంది, అదే ఫోర్ట్రాన్‌ని మార్చేస్తుంది. మీ ఉద్యోగం ఉంటుందా?

జవాబు: మీ శుభాకాంక్షలకు థ్యాంక్స్. ఏఐ అంచనాలు బాగున్నాయి, ఈసీఎమ్‌డబ్ల్యూఎఫ్ 2025 ఫిబ్రవరి నుంచి తన సొంత ఏఐ మోడల్‌ని రోజూ నడుపుతోంది. అయితే అది నేర్చుకున్న పాఠంలో ముఖ్యమైనది ఈఆర్ఏ5, అంటే 1940 నుంచి వాతావరణాన్ని తిరిగి కట్టిన డేటా. దాన్ని కట్టింది ఫోర్ట్రాన్ మోడలే. ఇక కోడ్ మార్పిడికి నేనూ ఏఐని వాడతాను. చకచకా రాస్తుంది, చదవడానికి శుభ్రంగా ఉంటుంది. పైన చెప్పిన గాలి వేగం లైనులాంటిదాన్ని అంతే శుభ్రంగా తీసేయగలదు కూడా. దాచిన విలువలతో పోల్చే టెస్టు ఉంటే ఎవరు రాసినా నాకు అభ్యంతరం లేదు. టెస్టు లేకపోతే మనిషి రాసినా తీసుకోను.

ప్రశ్న: పోస్ట్‌డాక్‌ని. ఏడాదిగా మా ఉమ్మడి మోడల్ కోడ్ సర్దుతున్నాను. పేపర్ ఒక్కటీ లేదు. నా తోటివాళ్లకు మూడేసి ఉన్నాయి. ఇది వదిలేయాలా?

జవాబు: కోపం రావడం సహజం. మీ పని మీద నిలబడి పేపర్ రాసినవాళ్లు మీ పేరు చివర కృతజ్ఞతల్లో వేస్తే ఒడ్డునపడ్డామనుకుంటారు. ఓదార్పు కన్నా పనికొచ్చే మాటలు చెప్తాను. 'జియోసైంటిఫిక్ మోడల్ డెవలప్‌మెంట్' అనే పత్రిక 2008 నుంచి ఇలాంటి పనినే ప్రచురిస్తోంది. మీ మార్పును, దాన్ని ఎలా పరీక్షించారో, ఎంత సమయం ఆదా అయిందో రాసి పంపండి. కోడ్ వెర్షన్‌ను జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టి డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య) తీసుకోండి, అప్పుడు ఇతరులు దాన్ని ఉదహరించగలుగుతారు. 'రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' అన్న ఉద్యోగం పేరు బ్రిటన్‌లో 2012లో పుట్టింది. ఇప్పుడు ఆ పేరుతోనే పోస్టులు పడుతున్నాయి, వెతకండి. ఈ నెలలోనే మీ గైడ్‌ని ఒకటి సూటిగా అడగండి: ఈ కోడ్ మీద వచ్చే పేపర్లలో నా పేరు రచయితల్లో ఉంటుందా? లేదంటే, చేస్తున్న పనిని ఒక దారికి తెచ్చి, టెస్టులూ వివరణా రాసి అప్పగించి, వేరే చోటు చూసుకోండి. సగంలో వదిలేయకండి, మీ తర్వాత వచ్చే అమ్మాయో అబ్బాయో ఏ పాపమూ చేయలేదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. మామూలు ల్యాప్‌టాప్ ఉంది. ఈ రంగంలో ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఎమ్ఓఎమ్6 సముద్ర మోడల్ కోడ్ గిట్‌హబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాని ఉదాహరణల్లో 'డబుల్ జైర్' అనేది ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. గాలి తోస్తే నీరు రెండు పెద్ద సుడులుగా తిరిగే పెట్టె సముద్రం అది. దించుకోండి, కంపైల్ చేయండి. కంపైలర్ సతాయిస్తుంది, అందరినీ సతాయిస్తుంది. నడిచాక పైన చెప్పిన రీస్టార్ట్ పరీక్ష పెట్టి, రెండు ఫలితాలూ చివరి అంకె దాకా కలిశాయో లేదో చూడండి. కలవకపోతే ముందు మీ సెట్టింగ్స్ మళ్లీ చూసుకుని, అప్పటికీ కలవకపోతే కంపైలర్ పేరు, వెర్షన్, వాడిన ఆప్షన్లు రాసి నాకు పంపండి.